తుపాను నష్టం రాసేదెవరు? అందులో ఎక్కేదెవరు?

తుపాను వెలిసిన మర్నాటి నుంచి ప్రభుత్వం వారి నోట రెండే లెక్కలు వినబడతాయి. ఒకటి కరెంటు లెక్క: ఇన్ని మండలాలకు గాను ఇన్ని మండలాల్లో సరఫరా పునరుద్ధరించాం అని. రెండోది పంట లెక్క: ఇన్ని హెక్టార్లలో నష్టం జరిగిందని ప్రాథమిక అంచనా అని. మంత్రులు ఈ అంకెలు చదువుతారు, పత్రికలు అచ్చువేస్తాయి, ఢిల్లీకి నివేదిక పోతుంది. కేంద్ర బృందం వస్తుంది, కారు దిగి గట్టు మీద నిలబడి చూసి పోతుంది. మరి ఊళ్ళో చూస్తే ఏముంది? కరెంటు వచ్చిందన్న మండలంలోనే కూలిపేట చీకట్లో ఉంటుంది. నష్టం రాశామన్న ఊళ్ళోనే నష్టపోయిన మనిషి పేరు జాబితాలో ఉండదు. ఇదేదో గుమాస్తాలు చేసిన తప్పు అనుకుంటే మనం మోసపోయినట్టే. లెక్క ఎక్కడ నిలబడి రాస్తున్నారన్న దాంట్లోనే అసలు విషయం ఉంది.

ఊరికే అనడం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి చూద్దాం. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర గంటల మధ్య తిత్లీ తుపాను పలాసకు దగ్గరలో తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు మీద 165 వరకూ కొట్టింది. దసరా నెత్తిమీద ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. జీడితోటలు, పనసచెట్లు నేలకొరిగాయి. ఉద్దానం అంటే ఉద్యానవనం అని చెబుతారు. ఆ ఉద్యానవనం కొన్ని గంటల్లో కట్టెల అడితి అయిపోయింది. చెట్టు పడ్డది ఊరికే పడలేదు, కరెంటు తీగల మీద పడింది. తీగ స్తంభాన్ని లాగింది, స్తంభం ట్రాన్స్‌ఫార్మర్‌ను లాగింది. అప్పటికి అయిదేళ్ళలో ఆ తీరానికి అది మూడో దెబ్బ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఒడిశాలో గోపాలపూర్ దగ్గర దాటినా దాని రెక్క ఉద్దానాన్ని కొట్టింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడి ఉత్తరాంధ్ర అంతటినీ ఊపింది.

పట్నం మనిషికి కరెంటు పోయిందంటే ఫ్యాన్ ఆగిపోవడం. ఉద్దానంలో కరెంటు పోయిందంటే నీళ్ళు ఆగిపోవడం. అక్కడి బావినీళ్ళు తాగటానికి జనం ఎందుకు జంకుతారో లోకానికంతా తెలుసు. ఇంటికొక కిడ్నీ రోగి ఉన్న వీధులు అక్కడ ఉన్నాయి. ఆ రోగానికి అసలు కారణం ఏమిటన్నది ఏళ్ళ తరబడి పరిశోధించినా తేలలేదు గాని, మంచినీరు పైపుల్లో రావాలన్నది మాత్రం అందరూ ఒప్పుకున్న మాట. పైపులో నీరు రావాలంటే మోటారు తిరగాలి, మోటారు తిరగాలంటే కరెంటు ఉండాలి. 2023 డిసెంబరులో ప్రారంభించిన ఉద్దానం మంచినీటి పథకం హిరమండలం జలాశయం నుంచి నీళ్ళు తెస్తున్నదే అయినా, అదీ ఈ తీగ మీద వేలాడుతున్నదే. డయాలసిస్ యంత్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి తిత్లీ తర్వాత నీళ్ళు లేవు, కరెంటు లేదు అని జనం రోడ్లెక్కారంటే అది అసహనం కాదు, ప్రాణభయం. అప్పటి ముఖ్యమంత్రి పలాసలో మకాం వేసి సమీక్షలు జరిపారు. మకాం వేయడం మంచిదే. కాని సమీక్షలో ఆయన ముందు పెట్టిన కాగితం ఎక్కడ తయారైంది? అదీ ప్రశ్న.

కరెంటు మన ఇంటికి ఎలా వస్తున్నదో తెలిస్తే ఈ కాగితం గుట్టు తెలుస్తుంది. పెద్ద లైను మీద వచ్చిన కరెంటు మండలంలోని సబ్‌స్టేషన్‌కు చేరుతుంది. అక్కడి నుంచి 11 కె.వి. లైన్లు, అంటే ఫీడర్లు, ఊళ్ళ వైపు పోతాయి. ఊరి దగ్గర ట్రాన్స్‌ఫార్మర్, దాని నుంచి వీధి స్తంభాల మీద చిన్న లైను, స్తంభం నుంచి ఇంటికి సర్వీసు వైరు. సబ్‌స్టేషన్‌లో ఒక లాగ్‌బుక్ ఉంటుంది. ఏ ఫీడరు ఎన్ని గంటలకు పోయింది, ఎన్ని గంటలకు వచ్చింది అన్నది అందులో రాస్తారు. సరఫరా ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది అని కంపెనీలు పైకి పంపే సూచికలు కూడా ఈ ఫీడరు దగ్గర లెక్క కట్టేవే. ఫీడరు ఛార్జి అయిందా, ఆ ఊళ్ళకు కరెంటు వచ్చినట్టే! ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఉండవచ్చు, వీధి లైను తెగి బురదలో పడి ఉండవచ్చు, ఊరికి అవతల దళితవాడకు పోయే నాలుగు స్తంభాలు విరిగి ఉండవచ్చు. లాగ్‌బుక్‌లో మాత్రం వెలుగే. సబ్‌స్టేషన్‌లో నిలబడి చూస్తే ఊరు వెలుగుతుంది. ఊళ్ళో నిలబడి చూస్తే అగ్గిపెట్టె కూడా తడిసి ఉంటుంది.

సరే, ఫిర్యాదు చెయ్యొచ్చు కదా అంటారు. 1912 అని ఒక నంబరు ఉంది. ఫోను చేస్తే రాసుకుంటారు, ఫిర్యాదు నంబరు ఇస్తారు. మంచి ఏర్పాటే. కాని కరెంటు లేనప్పుడు ఫోను ఛార్జింగు ఎక్కడిది? సెల్ టవరుకు కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, డీజిలు మోసేవాడు లేక అదీ పడుకుంటే సిగ్నల్ ఎక్కడిది? కరెంటు లేదని చెప్పటానికి కరెంటు కావాలి! ట్రాక్టరు బ్యాటరీకి తగిలించుకుని ఫోను ఛార్జి చేసుకునే రైతు ఫిర్యాదు నమోదవుతుంది. ఆ ట్రాక్టరు తోలే కూలివాడి ఇంట్లో చీకటి ఎవరి పుస్తకంలోనూ పడదు. ఫిర్యాదులు ఎక్కువ వచ్చిన చోటికి మనుషులు ముందు పోతారు. ఫిర్యాదు రాని చోట బాధ లేదనే అనుకుంటారు. ఇది ఎవరూ కుట్ర పన్ని చేస్తున్నదని మేము అనటంలేదు. కుట్ర అవసరం లేకుండానే ఫలితం ఒకే వైపుకు వస్తున్నది.

చట్టంలో మాత్రం సమానత్వం ఉందా? విద్యుత్ నియంత్రణ మండలి 2004లో చేసిన పనితీరు ప్రమాణాల్లో ఫ్యూజు పోతే పట్నంలో 4 గంటల్లో వెయ్యాలి, పల్లెలో 12 గంటల్లో. లైను తెగితే పట్నంలో 6 గంటలు, పల్లెలో 24 గంటలు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పట్నంలో 24, పల్లెలో 48. పల్లెవాడి చీకటి పట్నంవాడి చీకటి కంటే రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు ఓర్చుకోదగ్గదని కాగితం మీదే రాసుకున్నారన్నమాట. ఆ గడువు దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలన్నదీ ఉంది గాని, తుపాను వంటి ప్రకృతి వైపరీత్యం వస్తే ఆ గడువులు వర్తించవు. గాలివాన రోజున గడువు పెట్టలేరు, నిజమే, మేమూ ఒప్పుకుంటాం. అయితే వారానికీ వర్తించదా, పదిహేను రోజులకూ వర్తించదా? వైపరీత్యం ఎప్పుడు ముగిసిందో చెప్పేదెవరు? మళ్ళీ ఆ ఫీడరు లాగ్‌బుక్కేనా?

ఇక్కడ మన కార్యకర్తలు ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. కోపం వచ్చినప్పుడు ఊళ్ళో దొరికేవాడు లైన్‌మన్. జనం అతన్నే చుట్టుముడతారు, మా వీధికి ఎందుకు రాలేదని నిలదీస్తారు. ఆ లైన్‌మన్ రాత్రీ పగలూ స్తంభం మీదే ఉన్నాడు. ఇతర జిల్లాల నుంచి తెచ్చిన మనుషులు తిండీ నిద్రా లేకుండా పనిచేశారు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు చాలాచోట్ల కాంట్రాక్టు మనిషి. 1998 విద్యుత్ సంస్కరణల చట్టంతో బోర్డును ముక్కలు చేసి కంపెనీలుగా మార్చినప్పటి నుంచి కాంట్రాక్టు మనుషులతో పని నెట్టుకురావడం అలవాటైపోయింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆ సంస్కరణలకు, ఛార్జీల పెంపుకు ఎదురునిలిచినవారి మీద తూటాలు పేల్చారు. స్తంభం ఎక్కేవాడూ, కలుపు తీసేదీ ఒకే పేగున పుట్టినవాళ్ళు. అతను ఏ క్రమంలో లైన్లు కట్టాలో అతను నిర్ణయించడు. ఆస్పత్రి, నీటి పథకం, టవరు ముందు కట్టమంటే అభ్యంతరం లేదు. ఆ తర్వాత ఎవరిదన్న జాబితా పైన తయారవుతుంది. ఆ జాబితా తయారు చేసేవాణ్ణి అడగాలి.

పైవాళ్ళ ప్రాధాన్యం ఎటు ఉందో ఒక్క సంగతితో తెలుస్తుంది. హుద్‌హుద్ తర్వాత ప్రపంచబ్యాంకు అప్పుతో విపత్తు పునరుద్ధరణ పథకం పెట్టి విశాఖ నగరంలో కరెంటు తీగలను భూమిలోకి దించే పని మొదలెట్టారు. గాలికి పడని కరెంటు సాధ్యమేనన్న మాట! నగరానికి వద్దని మనం అనటంలేదు. విశాఖలో ఇళ్ళు కట్టే కూలీల్లో మన శ్రీకాకుళం వాళ్ళూ ఉన్నారు. కాని అదే తుపాను తిన్న ఉద్దానం పల్లెలకు ఆ భాగ్యం పట్టలేదు. కొబ్బరిచెట్ల మధ్య నుంచి పోయే బొత్తిగా రక్షణ లేని తీగ మీద నాలుగేళ్ళకు తిత్లీ చెట్లను కూల్చింది. ఇంకో మాట. 2010 జూలై 14న సోంపేటలో బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అంటే కరెంటు తయారు చేయటానికి ఈ తీరం ముందు వరసలో కావాలి. కరెంటు ఇవ్వటానికి మాత్రం ఇది చివరి వరస.

ఇక రెండో లెక్క, నష్టం లెక్క. కరెంటు ఎప్పటికైనా వస్తుంది. ఇందులో పోయింది మాత్రం రాదు.

కేంద్రం నిబంధన ప్రకారం పంట 33 శాతానికి తక్కువ కాకుండా పోతేనే పెట్టుబడి సాయం. 2015కు ముందు 50 శాతం పోవాలనేవారు. 33కు దించడం కొంత మేలే. పోయిందో లేదో కంటితో చూసి అంచనా వేసేది అధికారి. తిత్లీ నాటికి అమల్లో ఉన్న 2015–20 నిబంధనల్లో తోట పంటలకు హెక్టారుకు 18,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. హెక్టారుకు కొబ్బరి చెట్లు 175 అనుకోండి. భాగించి చూడండి: చెట్టుకు 103 రూపాయలు! 2022–26 నిబంధనల్లో దాన్ని 22,500 చేశారు. చెట్టుకు 129 రూపాయలైంది. దీనికి రాష్ట్ర ప్రభుత్వం తన వంతు కలపవచ్చు, ఆందోళన చేస్తే కలిపింది కూడా. అయినా ఢిల్లీవారి దృష్టిలో కొబ్బరిచెట్టు విలువ ఎంతో ఈ భాగహారం చెబుతుంది. తాత నాటిన చెట్టు మనవడికి కాయలిస్తుంది. ఇవాళ మొక్క నాటితే కాపు పట్టటానికి నాటు రకమైతే ఆరేడేళ్ళు. జీడికి మూడు నాలుగేళ్ళు. ప్రభుత్వం ఒక పంట పోయిందని రాస్తున్నది. పోయింది ఒక పంట కాదు, ఏడు పంటలు.

ఆ డబ్బయినా ఎవరికి? పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వారికి. తోటను ఏడాదికింత అని ముందే డబ్బు కట్టి తీసుకున్న కౌలుదారు ఏమవుతాడు? కౌలు ముందే చెల్లించాడు, కాయలు నేల రాలాయి, పరిహారం భూస్వామి బ్యాంకు ఖాతాలో పడింది. ఆ భూస్వామి హైదరాబాద్‌లో ఉండవచ్చు, అమెరికాలోనూ ఉండవచ్చు. కౌలుదార్ల కోసం చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, పదకొండు నెలలకు కార్డు ఇస్తామన్నారు. కాని 2019 చట్టంలో కార్డు కావాలంటే ఒప్పందం మీద భూస్వామి సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని వాడు పెట్టడు. పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలే ఇవ్వడు. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి ఇల్లు కాపలా కాయమన్నట్టుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తీరం దాటి కోతకొచ్చిన వరిని ముంచినప్పుడూ, 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర మోంథా దాటినప్పుడూ, గోదావరి, కృష్ణా డెల్టాల కౌలురైతుకు ఎదురైన ప్రశ్న ఇదే: కార్డేది?

కౌలుదారుకు కార్డు అన్న మాటైనా ఉంది. కూలికి అదీ లేదు. నష్టం రాసే ఫారంలో కూలి పోయిన దినాలకు గడే లేదు. కాయలు దింపేవాడు, డొక్క ఒలిచేవాడు, పీచు తీసేది, జీడిపిక్కలు ఏరేది, పలాస – కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో కాల్చిన పిక్క పగలగొట్టి పప్పు తీసే ఆడకూలీ: వీళ్ళ జీవితం ఆ చెట్టు మీదే ఉంది గాని, చెట్టు వీళ్ళది కాదు. రాయటానికి వచ్చిన ఉద్యోగిని అడిగితే ఏమవుతుందో ఆ ప్రాంతంలో తిరిగిన ఎవరికైనా తెలుసు. “మా పేరు రాయరేటి బాబూ?” అంటుంది ముసలమ్మ. “నీకు తోట ఉందా అమ్మా?” అంటాడు ఆయన. “నేదు బాబూ.” “మరింకేటి రాయమంటావు?” ఆయనకు వేరే ఏమీ తెలియదు. ఆయన చేతిలో ఉన్న ఫారంలో అంతే ఉంది.

తుపాను తర్వాత కొద్దిరోజులు కూలికి గిరాకీ ఉంటుంది, అది చూసి కొందరు పెద్దలు కూలోడికేం, వాడికి పండగే అంటుంటారు. ఏం పని అది? పడ్డ చెట్లు నరికే పని. తనకు కూడుపెట్టే చెట్టును తానే ముక్కలు చేసి బండికెత్తి, ఆ పని అయిపోగానే రైలెక్కాలి. చెన్నైకో, హైదరాబాద్‌కో, విశాఖకో. చెట్టు మళ్ళీ కాపుకు రావటానికి పట్టే ఆరేడేళ్ళూ పరిహారం తీసుకున్న ఆసామికి కొంత ఊపిరి, చిన్నరైతుకు అప్పు, కూలికి వలస. చిన్నరైతునూ మేము ఈ కూలితోనే కలిపి చూస్తున్నాం. ఎకరం, అర ఎకరం తోట ఉన్నవాడు మన శత్రువు కాదు. ఏడాదిలో సగం రోజులు వాడూ కూలికి పోయేవాడే.

మరి నిబంధనల్లో కూలికి ఏమీ లేదా? ఉంది, కాని ఎవరూ చెప్పరు. జీవనాధారం తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు ఉచిత సహాయం కింద పెద్దలకు రోజుకు 60 రూపాయలు, పిల్లలకు 45 రూపాయలు ఇవ్వవచ్చని 2015–20 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలుంటే రోజుకు 210 రూపాయలు. భిక్షమే అనుకోండి. అయినా అదొక పేరు, అదొక గడి. భూమితో పనిలేకుండా పోయిన బతుకును గుర్తించే ఒకే ఒక్క గడి. దాన్ని ఎవరూ అడగలేదు గనుక ఎవరూ నింపలేదు. మన సంఘాలు కూడా పరిహారం పెంచాలి అన్న నినాదం ఇచ్చినంత గట్టిగా ఈ గడి నింపమని అడగవలసి ఉంది.

కాబట్టి మేము చెప్పేది: ఊరి లెక్క ఊరే రాయాలి. అధికార్ల లెక్క వచ్చాక తప్పుబట్టటం కాదు, వాళ్ళు రాకముందే మన లెక్క బల్లమీద ఉండాలి. ఇందుకు గొప్ప చదువు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి చదివిన పిల్ల, ఒక నోటుబుక్కు చాలు. మొదటి రోజునే, ఫోన్లలో ఛార్జింగు ఉండగానే, పడ్డ ఇల్లు, పడ్డ చెట్టు, విరిగిన స్తంభం ఫొటో తీసిపెట్టాలి. జాబితా రాసేవాళ్ళు వచ్చేదాకా దారికడ్డంగా పడ్డ చెట్టును ఎవరూ అలా ఉంచలేరు. తీసేసిన తర్వాత వాళ్ళొచ్చి చెట్టేదీ అంటే ఫొటోనే సాక్ష్యం. తెగి కిందపడ్డ తీగను మాత్రం ఫొటో కోసమైనా, దారి కోసమైనా ముట్టుకోకూడదు. సబ్‌స్టేషన్‌లో లైను ఎప్పుడు ఛార్జి చేస్తారో ఊళ్ళోవాళ్ళకు తెలియదు, చచ్చిన తీగ అనుకున్నది ప్రాణం తీస్తుంది.

కరెంటు పుస్తకం వేరే పెట్టాలి. ఫీడరు పేరు కాదు, వీధి పేరు రాయాలి. ఈ వాడకు ఫలానా రోజు పోయింది, ఫలానా రోజు ఫలానా గంటకు దీపం వెలిగింది అని. నీళ్ళు ఏ రోజు వచ్చాయో పక్కన రాయాలి. ఫోను పనిచేసిన వెంటనే ఊరంతటికీ ఒక్కరు కాకుండా వాడకొకరు 1912కు చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ నకలు అడిగితే ఇస్తారు, ఇవ్వక తప్పదు. ఆ లాగ్‌బుక్‌లో కరెంటు వచ్చిన తేదీకీ, మన పుస్తకంలో మన వాడలో దీపం వెలిగిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో, అదే మన వినతిపత్రం. మాటలతో పనిలేదు.

నష్టం పుస్తకంలో భూమి ఎవరిది అన్న గడితో పాటు సాగు ఎవరిది అన్న గడి, కూలి పోయిన దినాలెన్ని అన్న గడి మనమే గీయాలి. కౌలుదారు పేరు రాయటానికి భూస్వామి సంతకం మన పుస్తకానికి అక్కర్లేదు, పక్క చేను వాళ్ళు ఇద్దరి సాక్ష్యం చాలు. గ్రామసభ పెట్టించి అందులో చదివించాలి. అధికార్ల జాబితాను గోడకు అంటించమని అడగాలి. అంటించిన మూడోరోజుకు వానకు తడిసి చిరిగిపోకుండా నకలు తీసుకోవాలి. మన పుస్తకం నకలు తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, రెండో నకలు మీద ముద్ర వేయించుకోకుండా వెనక్కి రాకూడదు. ముద్ర లేని అర్జీ సముద్రంలో వేసిన ఉప్పుబెడ్డ.

ఉత్తరాంధ్ర తీరానికి గత మూడు పెద్ద గాలులూ అక్టోబరులోనే వచ్చాయి. కనుక సెప్టెంబరు లోపలే ప్రతి సంఘం తన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ల మీద, స్తంభాల మీద ఉన్న నంబర్లు చూసి ఏ వాడ ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందో, ఏ తోట ఎవరి సాగులో ఉందో, ఏ ఇంట్లో డయాలసిస్‌కు పోయే మనిషి ఉన్నారో రాసి ఉంచుకోవాలి. ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తుపాను వస్తే ఊరంతా తలదాచుకునే పక్కా ఇంట్లో పెట్టాలి.